నాలుగో గుంజకు కట్టిన తాడు

2011 మే నెలలో నన్ను సహాయ పర్యాటక అధికారిగా జగిత్యాల డివిజన్‌కు వేశారు. అప్పటికి జగిత్యాల, సిరిసిల్ల రెండూ కరీంనగర్ జిల్లాలోని రెవెన్యూ డివిజన్లే. హోదా వినడానికి బాగుంటుంది గానీ, నాకు దక్కింది వేరే శాఖవాళ్ళు ఖాళీ చేసిన ఒక గది, రెండు బల్లలు, ఒక అటెండరు. పర్యాటకమంటే మా పై అధికారుల దృష్టిలో కోటలు, జలపాతాలు. నా డివిజన్‌లో పనంతా దారిలో ఆగే జనంతో. వేములవాడలో మొక్కు తీర్చుకొని కోరుట్ల వైపు, ధర్మపురి వైపు వెళ్ళే కుటుంబాలు నీళ్ళు కనబడ్డ చోట దిగి, స్నానాలు చేసి, వండుకొని తిని పోయేవి. అట్లా జనం తమంతట తామే విహార స్థలం చేసుకున్న చోటికి ప్రభుత్వం వెనక నుంచి వెళ్ళి ఒక బోర్డు పాతుతుంది. ఆ బోర్డు పాతే ఉద్యోగం నాది.

నేను చెప్పబోయేది అట్లాంటి ఒక మడుగు సంగతి. వేములవాడ నుంచి కోరుట్ల వెళ్ళే దారిలో, రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు లోపలికి పోవాలి. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. ఆ ఊరివాళ్ళ తప్పు ఇందులో ఏమీ లేదు. వాగుకు అడ్డంగా కత్వ, అంటే పాత రాతి అడ్డుకట్ట, ఉంటుంది. దాని వెనక నీళ్ళు నిలిచి మడుగైంది. వాగు వచ్చి కలిసే వైపు ఇసుక, మోకాలి లోతు నీళ్ళు. అక్కడి నుంచి కత్వ వైపు నడిచేకొద్దీ లోతు పెరిగి, చివర రెండు నిలువుల దాకా పోతుంది.

నేను రాకముందే అక్కడ ఒకరు మునిగి చనిపోయారు. దాంతో డివిజన్ అధికారి ఒక ఉత్తర్వు ఇచ్చారు. మడుగులో స్నానాలకు నడుము లోతే హద్దు, అది దాటి వెళ్ళడానికి అనుమతి లేదు అని అందులో ఉంది. ఈ వాక్యాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. హద్దు అంటే లోతు అని రాశారు గానీ, ఆ లోతు ఎక్కడుందో జనానికి ఎట్లా తెలుస్తుందో రాయలేదు.

తెలియజేసే సాధనం ఒక నైలాన్ తాడు. మడుగు రెండు ఒడ్డుల మీద ఆరేసి ఇనుప గుంజలు పాతి ఉండేవి. ఇసుక వైపుది ఒకటో గుంజ, కత్వ వైపుది ఆరోది. ఒకే నంబరున్న రెండు గుంజల మధ్య నీళ్ళకు అడ్డంగా తాడు కట్టి, అది తేలడానికి ఎర్రరంగు వేసిన ఖాళీ నూనె డబ్బాలు దానికి బిగించేవాళ్ళం. తాడు దాకా వెళ్ళినా నడుము లోతు మించకూడదన్నది లెక్క. అందుకే నీళ్ళు తగ్గితే తాడు కత్వ వైపు జరిగేది, పెరిగితే ఇసుక వైపు వచ్చేది. ఎండాకాలంలో నాలుగో గుంజ, వాగు బాగా పారితే రెండో గుంజ, ఇంకా పెరిగితే తాడు తీసేసి స్నానాలే బందు.

తాడు ఏ గుంజకు కట్టాలో చూసేది నీటిపారుదల శాఖ లస్కరు. తూములు, కాలువలు కనిపెట్టుకొని ఉండే కింది ఉద్యోగిని లస్కరు అంటారు. కత్వ పక్కన అడుగుల గీతలు చెక్కిన గేజీ రాయి ఒకటి ఉంది. పొద్దున్నే అందులో నీటిమట్టం చూసి పుస్తకంలో రాసి, దాన్ని బట్టి తాడు మార్చి కట్టడం అక్కడి లస్కరు రాజయ్య పని. అతను నాకంటే ఐదారేళ్ళు పెద్ద. కల్లు గీయడానికి తాళ్ళెక్కే కుటుంబం నుంచి వచ్చినవాడు, మోకు పట్టిన చేతులు. అతను వేసిన ముడి ఎంత వరదకూ జారేది కాదు. పేరుకు ఈ ఏర్పాటంతా మా శాఖది, నడిపేది వేరే శాఖ మనిషి. ప్రభుత్వంలో చాలా పనులు ఇట్లా ఒకరి మంచితనం మీద నడుస్తాయి, పై కాగితాల్లో సమన్వయం అని రాసుకుంటాం.

జనం ఆ తాడును నమ్మిన తీరు చూసి నేను గర్వపడ్డాను, ఒప్పుకోవాలి. బోర్డును చదివినవాళ్ళు ఎవరూ నాకు కనబడలేదు. తాడు మాత్రం అందరికీ అర్థమైంది. జూన్‌లో ఒకసారి తనిఖీకి వెళ్ళినప్పుడు ఒక ముసలమ్మ నీళ్ళలోకి దిగడానికి భయపడుతున్న కోడలితో, "సర్కారు తాడు గట్టిండ్రు, గా తాడు దాంక ఏం గాదు, రా" అనడం విన్నాను. ఆ మాటను నెలవారీ నివేదికలో కూడా రాశాను.

సెప్టెంబరు రెండో వారంలో సకల జనుల సమ్మె మొదలైంది. నాది ఎల్లంతకుంట మండలం, తెలంగాణ రావాలని చదువుకునే రోజుల నుంచీ కోరుకున్నవాణ్ణి. సమ్మెకు మనస్ఫూర్తిగా వెళ్ళాను. ఆ విషయంలో నాకు ఇవాళ్టికీ పశ్చాత్తాపం లేదు. నాకున్న పశ్చాత్తాపం వేరు.

సమ్మెకు ముందురోజు సాయంత్రం రాజయ్య మోపెడ్ మీద జగిత్యాల వచ్చాడు. నేను బీరువాకు తాళం వేస్తున్నాను.

"రేపటి సంది నేను గూడ పనికి పోను సార్. మరి తాడు ఇప్పుతనా?" అని అడిగాడు.

ఎందుకన్నాను. మనం లేకపోయినా తాడుంటే జనం దానికి ఇవతలే ఉంటారు, తీసేస్తే కత్వ దాకా పోయి ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు అన్నాను.

"నీళ్ళు పెరిగితే?"

"వానలు ఎనుకబట్టినయి గదా రాజయ్యా. వారం పది రోజుల్ల సమ్మె తేలుతది. ఉండనీ."

అతను తల గోక్కున్నాడు, సరే అన్నాడు. తాడు నాలుగో గుంజకు ఉంది. అట్లాగే ఉండిపోయింది. ఆ సాయంత్రం నేను చాలా బాధ్యత గల అధికారిలా ఆలోచించానని అనుకున్నాను. సమ్మెకు వెళ్తూ కూడా జనం రక్షణ చూశానని ఇంట్లో మా ఆవిడతో చెప్పుకున్నాను కూడా.

సమ్మె వారంలో తేలలేదు. మేం తహశీల్ చౌరస్తా దగ్గర శిబిరంలో కూర్చునేవాళ్ళం. మడుగు దగ్గరి బోర్డు మీద ఆంధ్రప్రదేశ్ అన్న మాటకు ఎవరో నల్లరంగు పూసి తెలంగాణ అని రాశారని విని నవ్వుకున్నాం. సమ్మె మూడో వారం మొదట్లో రెండు రోజులు విడవకుండా వాన కొట్టింది. ఆ మర్నాడు మధ్యాహ్నం రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. నేను పప్పు గిన్నె దగ్గర ఉండగా రాజయ్య ఫోన్ చేశాడు. పొలానికి పోతూ మడుగు చూశాడట. గేజీ రాయి మీద ఇంకో మూడు గీతలు మునిగాయి. పోయి తాడు రెండో గుంజకు మార్చమంటారా అని అడిగాడు.

నేను వెంటనే మార్చమని అనాల్సింది. అనలేదు. దానికి కారణం చెబితే ఇప్పటివాళ్ళకు వింతగా ఉంటుంది. అంతకు నాలుగు రోజుల ముందు వేరే ఆఫీసు గుమాస్తా ఒకాయన ఎవరికో కాగితం వెతికి ఇవ్వడానికి బీరువా తెరిచాడు. సమ్మె ద్రోహి అని శిబిరం ముందు నిలబెట్టి చీర, గాజులు ఇచ్చారు. పెద్దమనిషి ఏడ్చాడు. ఇచ్చినవాళ్ళలో నేను లేను గానీ చూస్తూ కూర్చున్నవాళ్ళలో ఉన్నాను. రాజయ్య ఆ మడుగులో దిగి తాడు కడుతుంటే ఎవరైనా ఫోటో తీస్తే, చెప్పిందెవరని అడిగితే నా పేరు బయటికొస్తుంది. శిబిరం కార్యదర్శిని ఒక మాట అడిగి చెబుతాను, రెండు రోజులు ఆగమన్నాను. కార్యదర్శి నాకు పది గజాల దూరంలోనే ఉన్నాడు. ఆ రోజు అడగలేదు, మర్నాడు మర్చిపోయాను.

మూడో రోజు సునీత అనే ఆమె ఆ మడుగులో చనిపోయింది.

ఆమె భర్త దానియేలుది సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి. మరమగ్గాల మీద, అక్కడివాళ్ళ మాటలో సాంచాల మీద, కూలికి నేసేవాడు. ఆమె ఇంట్లో బీడీలు చుట్టేది. బొగ్గు గనుల్లో కూడా సమ్మె నడుస్తుండటంతో కరెంటు కోతలు పెరిగి సాంచాలు ఆగిపోయాయి. పని లేదు గదా అని భార్యను, నాలుగో తరగతి చదివే కూతురు రూతును తీసుకొని కోరుట్లలో అత్తగారింటికి వెళ్ళాడు. బస్సులు లేవు, ఊరివాళ్ళ ఆటోలో తిరుగు ప్రయాణం. సునీత చెల్లెలు కూడా వాళ్ళతో బయల్దేరింది. పిల్ల అడిగిందని మధ్యాహ్నం మడుగు దగ్గర ఆగారు. మా సమ్మె, గనుల సమ్మె, బస్సుల సమ్మె కలిసి ఆ కుటుంబాన్ని ఆ రోజు ఆ నీళ్ళ దగ్గరికి తెచ్చాయని తర్వాత నేను చాలాసార్లు లెక్క కట్టుకున్నాను. అదంతా నా తప్పును చిన్నది చేసి చూపుకోవడానికే. తాడు మిగతావాళ్ళెవరిదీ కాదు.

పోలీసులు సమ్మెలో లేరు కాబట్టి శవ పంచనామా సక్రమంగానే జరిగింది. అందులో చెల్లెలి వాంగ్మూలం ఉంది. ఇద్దరూ లోతు చూసుకుంటూ తాడు వైపు నడిచారు. నీళ్ళు ఛాతీ దాకా వచ్చేసరికి చెల్లెలు ఆగింది. తాడు ఇంకా అవతలే ఉంది గదా, ఏం కాదని సునీత ముందుకు పోయి తాడు అందుకుంది. అక్కడ ఆమె కాలికి నేల తగలలేదు. బరువుకు తాడు కిందికి దిగింది, దాంతో పాటు ఆమె దిగింది. దానియేలుకు ఈత రాదు. ఊరివాళ్ళు వచ్చి తీసేసరికి ప్రాణం లేదు.

సమ్మె అక్టోబరు చివరిలో ముగిసింది. నేను ఆఫీసు తెరిచిన వారంలోనే జిల్లా నుంచి ప్రమాద నివేదిక పంపమని తాఖీదు వచ్చింది. అది నింపాల్సిన నమూనా కాగితం. ఆరో గడిలో ఒక ప్రశ్న ఉంటుంది, మృతులు నిర్దేశిత హద్దు లోపల ఉన్నారా, దాటారా అని. నేను పంచనామా చదివాను. ఉత్తర్వు తీసి చదివాను. ఉత్తర్వులో హద్దు అంటే నడుము లోతు. ఆమె ఉన్నది నిలువు లోతులో. కాబట్టి "స్వీయ నిర్లక్ష్యంతో హద్దు దాటినందున" అని రాశాను. ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్న నేర్పంతా ఆ ఒక్క గడిలో పెట్టాను. సంతకం చేశాను.

డిసెంబరులో దానియేలు ఆఫీసుకు వచ్చాడు. సన్నటి మనిషి, చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన నా నివేదిక నకలు. సిరిసిల్లలో ఏదో దరఖాస్తుకు జతపరచమంటే తీసుకున్నాడట. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నేను పైసల కోసం రాలే సార్. ఇండ్ల ఒక్క మాట తప్పున్నది, అది కొట్టేయుండ్రి," అన్నాడు.

ఏ మాట అని అడిగాను, తెలిసే అడిగాను.

"హద్దు దాటిందని రాసిండ్రు. నా భార్య హద్దు దాటలే సార్. మీ తాడు పట్టుకొనే ఉన్నది. తాడుకు అవతలికి ఒక్క అడుగు గూడ పోలే."

కాగితం పిల్ల చదివిందని చెప్పాడు. "కూడబలుక్కుంట చదివింది సార్. అమ్మ హద్దెందుకు దాటింది నాయినా అని అడుగుతున్నది. నన్ను ఇడిసిపెట్టి ఎందుకు పోయింది అని అడుగుతున్నది. నేనేం చెప్పాలె? సర్కారు కాగితం తప్పని చెప్తే నమ్ముతలేదు."

నేను విధానం చెప్పాను. ఒకసారి జిల్లాకు వెళ్ళిన నివేదికను కింది అధికారి దిద్దడానికి వీల్లేదని, కొట్టివేతలు చెల్లవని చెప్పాను. అతను అంతా విన్నాడు, కాగితాన్ని మళ్ళీ అదే మడతల్లో మడిచాడు, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. కోప్పడి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆ వారమే రాజయ్య గేజీ పుస్తకం చూపించడానికి వచ్చాడు. సమ్మె నలభై రెండు రోజుల పేజీలు ఖాళీగా ఉన్నాయి. అతను నా మొహం చూడకుండానే, "ఆమె తాడు దాటలే సార్. తాడే ఉండాల్సిన కాడ లేకుండె," అన్నాడు. తను వేసిన ముడి ఒకరి ప్రాణం తీసిందని తాళ్ళెక్కే వాళ్ళ ఇంట్లో పుట్టినవాడికి నిద్రపట్టడం లేదని కూడా అన్నాడు. ముడి తప్పు కాదు రాజయ్యా, మాట నాది అన్నాను. అది విని కూడా అతను తేలికపడినట్టు లేదు.

మర్నాడు అనుబంధ నివేదిక రాశాను. మొదటి నివేదికలో వదిలేసిన సంగతులను తర్వాత చేర్చడానికి ఆ పద్ధతి ఉంది, దానియేలుకు ఆ మాట చెప్పలేదు. మూడు పేజీలు. తాడు తీస్తానన్నా నేనే వద్దన్నానని, నీళ్ళు పెరిగాక మారుస్తానన్నా ఆగమన్నానని, మృతురాలు ప్రభుత్వం చూపిన హద్దు లోపలే ఉన్నారని రాశాను. తపాలాలో వేయకుండా కరీంనగర్ వెళ్ళి పై అధికారి చేతికిచ్చాను. ఆయన చెడ్డవాడు కాదు. రెండుసార్లు చదివారు. సమ్మె కాలాన్ని సెలవుగా సర్దుబాటు చేశారు, సెలవులో ఉన్నవాడికి విధి లేదు, విధి లేనివాడికి నిర్లక్ష్యం లేదు అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, ఇది బయటికి పోతే రేపు పేపర్లో సమ్మె ఒక ఆడమనిషిని ముంచిందని రాస్తారు, ఇంతమంది కడుపు మాడ్చుకొని చేసిన సమ్మెకు నువ్వు ఆ పేరు తెస్తావా అని అడిగారు.

ఆ ప్రశ్నకు నేను జవాబు వెతకలేదు. నన్ను కాపాడే మాట ఉద్యమం పేరుతో వచ్చింది గదా అని తీసుకున్నాను. ఆయన తిరిగిచ్చిన కాగితాలు సంచిలో పెట్టుకొని జగిత్యాల బస్సెక్కాను.

తెలంగాణ వచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళకు కొత్త జిల్లాలు వచ్చాయి, జగిత్యాల ఒక జిల్లా, సిరిసిల్ల ఒక జిల్లా అయ్యాయి. రాజయ్య రిటైరై, కొన్నాళ్ళకు పోయాడు. నేను 2019లో రిటైరయ్యాను. ఇంకో రెండేళ్ళకు, ఆ మూడు పేజీలు తీసుకొని తంగళ్ళపల్లి వెళ్ళాను. ఎందుకంత ఆలస్యమంటే, పెన్షన్ కాగితాలన్నీ చేతికొచ్చే దాకా ఆగాను. ఇందులో అందంగా చెప్పడానికేమీ లేదు.

దానియేలు నన్ను గుర్తుపట్టాడు, మంచం వాల్చాడు. రూతు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉంది. కాగితాలు ఆమే తీసుకొని గడప దగ్గర నిలబడి మూడు పేజీలూ చదివింది. మా అమ్మ అనో, ఆగమన్నది మీరేనా అనో ఏదో అంటుందని ఎదురుచూశాను. ఆమె చివరి పేజీ తిప్పి వెనక కూడా చూసింది.

"దీని మీద ఇన్‌వర్డ్ నంబరు లేదేంది సార్?" అని అడిగింది.

ఆఫీసులో తీసుకున్న కాగితానికే ఆ నంబరు వేస్తారు. ఆఫీసులో దాఖలు చేయలేదమ్మా అన్నాను.

"మరి ఇది రిపోర్టెట్ల అయితది? మీరు మాకు రాసుకున్న చిట్టీ గదా."

కసిగా అనలేదు. కాగితాలు జాగ్రత్తగా సర్ది నా చేతికే ఇచ్చింది. దానియేలు చాయ్ తాగి పొమ్మన్నాడు. తాగాను.

ఇంటికొచ్చి ఆ మూడు పేజీలను రిజిస్టర్డ్ పోస్టులో మూడు జిల్లాల కార్యాలయాలకూ పంపాను. కరీంనగర్ వాళ్ళు ఆ ఫైలు విభజనలో జగిత్యాలకు పంపామన్నారు. జగిత్యాల వాళ్ళు అది తమకు అందలేదని, మృతురాలి నివాసాన్ని బట్టి సిరిసిల్లకు వెళ్ళి ఉండవచ్చని రాశారు. సిరిసిల్ల నుంచి, సదరు ఫైలు తమ రికార్డులో లేనందున అనుబంధ నివేదికను దేనికి జతపరచాలో తెలియజేయాలని జవాబు వచ్చింది. మూడూ మర్యాదగా రాసిన జవాబులే. ఆ కుర్చీలో నేనున్నా అట్లాగే రాసేవాణ్ణి.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళు అడిగితే నేను చెప్పేది ఇది. ప్రభుత్వం నీళ్ళలో ఒక గుర్తు పెట్టిందంటే, రోజూ దాన్ని సరిచూసే మనిషి ఉన్నాడని జనానికి మాటిచ్చినట్టే. ఆ మనిషి ఏ మంచి కారణంతో వెళ్ళినా, వెళ్ళేటప్పుడు గుర్తును కూడా తీసుకుపోవాలి. తాడు లేని మడుగును జనం తమ భయంతో తామే కొలుచుకుంటారు. రెండోది, తప్పు రాసినవాడు ఆ ఫైలు ఇంకా బల్లల మీద తిరుగుతున్నప్పుడే దిద్దాలి. తర్వాత దిద్దడానికి మనసుంటుంది, ఫైలుండదు. సునీత చనిపోయిన విషయం మీద ప్రభుత్వం రాసిన నివేదిక ఇవాళ నాకు తెలిసినంతలో ఒకే చోట ఉంది, దానియేలు ఇంట్లో, నాలుగు మడతల్లో. అందులో ఆమె హద్దు దాటింది.